మేకు దిగాక

ఉప్సల, ఏప్రిల్ 16

హిల్లెవి అక్కకు,

ఇనుపరాయి మోసే రైలును నడిపే నీ చేతులకు మొక్కి, కాబోయే డాక్టరు, నీ తమ్ముడు మాల్తే సవినయంగా మనవి చేసుకునేది ఏమంటే, నేను చచ్చాను.

మొన్న శుక్రవారం నా థీసిస్‌కి మేకు కొట్టాం. పరీక్షకి మూడు వారాల ముందు, ఎవరైనా వచ్చి చదువుకునేలా, పుస్తకాన్ని గోడ చెక్కకి దిగ్గొట్టడం ఇక్కడి ఆనవాయితీ. నేను సుత్తితో మెల్లగా తడుతుంటే మా ప్రొఫెసర్ గున్వోర్ గారు, "గట్టిగా కొట్టవయ్యా, అది చెక్క. నీ సిద్ధాంతం కాదు, కూలిపోదు" అన్నారు. అందరూ నవ్వారు. నేను రెండు ముక్కల కేకు తిన్నాను.

ఆ మధ్యాహ్నమే బల్ల సర్దుతుంటే కొలిమి థర్మామీటర్ తాలూకు కాగితం దొరికింది. అది ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, లెక్కలోంచి ఆ ఇరవై తీసెయ్యాలి. నేను కలిపాను. మూడో అధ్యాయం మొత్తం నలభై డిగ్రీలు తప్పు. అది పోయినేడాది పత్రికలో కూడా అచ్చయింది.

పోస్ట్‌డాక్ కోసం, అంటే డాక్టరేటు తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం కోసం, ముప్ఫయ్యొక్క చోట్ల దరఖాస్తు పెట్టాను. ముప్ఫై చోట్ల విచారం వ్యక్తం చేశారు. నార్వేలో, ట్రోండ్‌హైమ్ ప్రొఫెసర్ తూరిద్ గారొక్కరే, "ఆ మూడో అధ్యాయం మా దగ్గర కుదరడం లేదు, నీకు కుదిరింది. వచ్చి నేర్పు" అన్నారు. ఇరవై తొమ్మిదిన, సోమవారం, ఇంటర్వ్యూ. మే నెలాఖరుకి ఇక్కడ నా కుర్చీ ఖాళీ చెయ్యాలి. చెబితే ఆ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్కడి కొలిమి ముందు మొదటి రోజే దొరికిపోతాను.

పుస్తకం దగ్గర ఎవరు ఆగినా తలుపు సందులోంచి చూస్తున్నాను. నిన్న ఊడ్చే ఆవిడ ఆగితే చెమటలు పట్టాయి. మేకు వంకరగా ఉందట, అంతే.

వణుకుతూ,
మాల్తే

కిరునా, ఏప్రిల్ 19

ఒరేయ్ మాల్తే,

ఎర్ర లైటు దాటేశాక డ్రైవరు చెయ్యాల్సింది బండి ఆపి ఫోను చెయ్యడం. దాటలేదని నటించినవాణ్ణి ఒకణ్ణి చూశాను. ఎదురుగా ఇంకో బండి ఉంటుందని వాడికి తట్టలేదు. నీకెదురుగా ఎవరున్నారో నీకు మాత్రం తెలుసా? ఫోను చెయ్యి, వెధవా.

రెండు ముక్కలు తిన్నావు, నాకొకటి దాచలేదు. గుర్తుపెట్టుకుంటా.

అక్క

ట్రోండ్‌హైమ్ రైల్లో, ఏప్రిల్ 28

అక్కా,

బండి ఆపాను. గున్వోర్ గారు విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "సవరణ చీటీ రాయి. పత్రికకీ పంపు. పరీక్షలో నిన్ను నేను కాపాడను" అన్నారు. చీటీ తీసుకెళ్లి అదే మేకుకి గుచ్చాను. తర్వాత ట్రోండ్‌హైమ్‌కి ఫోను చేశాను.

తూరిద్ గారికి జరిగింది చెప్పాను.

"నలభయ్యా?"

"నలభై అండీ."

"కలిపావా?"

"కలిపానండీ."

"నీ లెక్క రావడం లేదని మా విద్యార్థిని మారిట్ ఎనిమిది నెలలుగా కొలిమి విప్పి బిగిస్తోందయ్యా. తేడా ఎప్పుడూ నలభయ్యే. చేతకానిదానివని దాన్ని నేనే తిట్టాను. ఈ చదువు నాకొద్దని మొన్న కాగితం రాసిచ్చింది."

నువ్వన్న ఎదురు బండి అదీ, అక్కా. ఆవిడ పేరు కూడా నాకు తెలీదు అప్పటిదాకా.

ఉద్యోగం ఉందా, పోయిందా అని నేను అడగలేదు. ఆవిడే అన్నారు: "సోమవారం రా. అడిగేవాళ్లం ముగ్గురం. మూడో కుర్చీ మారిట్‌ది. నిన్ను తీసుకోవాలో వద్దో అదే చెబుతుంది."

నవ్వించడానికి నా దగ్గర బోలెడు జోకులుండేవి కదా. రాత్రంతా వెతికాను, మారిట్‌కి చెప్పేది ఒక్కటీ దొరకలేదు. ఆవిడ తిడితే పడతాను. ఏమీ అడక్కుండా నా మొహంలోకే చూస్తూ కూర్చుంటే ఏం చెయ్యాలో తెలీడం లేదు.

కేకు చేశాను. ఆవిడ కోసం. ఒక్క ముక్క కూడా కొయ్యలేదు.

రైల్లోంచి,
నీ తమ్ముడు మాల్తే