రాగి కేబుల్ కొసకు గంజి నూలు

బాపూ, తడి పోకుండ కేబుల్ కొసలకు పెట్టే సీళ్లు తేను కోరుట్లకు పోతున్న. నేనచ్చేదాక బట్ట నేసే సాంచెల షెడ్ల మెయిన్ స్విచ్చి ఎయ్యకు, ఎవలడిగినా సరే.

పొద్దుగాల పాత రాగి గొట్టం కేబుళ్లు చూసిన. ఒకదాని కొసకు సీలు లేదు, గంజి పెట్టిన నూలు చుట్టి టేపేసి ఉన్నది. గంజి తడి గుంజుతది. గొట్టం లోపల తీగెల చుట్టు నింపిన తెల్లపొడి తడిస్తే కరెంటు సాంచె ఇనుముకు పాకుతది.

ముందుగాల షెడ్డు ఆసామి మనుషుల మీదనే అనుమానపడ్డ. టేపు ఇప్పితే తెగిన పోగు కలిపే ముడి కనవడ్డది, ఎడమచేతిది. ఆ ముడి ఎడమచేత్తోని ఏసేది నాకెరుకైనోళ్లల్ల నువ్వొక్కనివే. నెల కింద ఈ కేబుళ్లు చూసొచ్చి అన్నీ మంచిగున్నయన్నది గూడ నువ్వే.

ఆసామికి ఇంక చెప్పలే. అన్నం తిను.

– రజిత

ఆ నూలు మీద మూడు తప్పిన ముడులున్నయి. సీలు ఎక్కియ్యను కండ్లు కనవడుతలేవని నాకెందుకు చెప్పలే బాపూ?