పన్నెండో పేజీలో ఫొటో

వర్జీనియా,
జూన్ 8, 1986

అక్కా,

ఇక్కడి హైస్కూళ్ల పడవ పందేల సంఘం చరిత్ర పుస్తకం పంపుతున్నాను. పన్నెండో పేజీలో చీరతో నడుంలోతు నీళ్లలో నిలబడ్డది నేనే. బావగారు నవ్వితే నవ్వనీ.

ఆరేళ్ల కిందట మా హైమ వాళ్ల పడవ గెలిచింది. గెలిచాక, పడవకి దారి చెప్పే పిల్లని మిగతావాళ్లు ఎత్తి నదిలో పడేయడం ఇక్కడి ఆనవాయితీట. నాకెవరు చెప్పారు? ఆ దారి చెప్పే పిల్ల హైమే. “చంపేస్తున్నారు!” అని అరుస్తూ దూకేశాను.

“అమ్మా, ఇట్స్ ఓకే! గో బ్యాక్!” అంది అది, సిగ్గుతో చచ్చిపోతూ. నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

సంఘం వాళ్లు అడిగితే ఈ చరిత్ర రాసింది హైమే. ఆ ఫొటో వేసిందీ అదే. కింద ఇంగ్లీషులో రాసింది ఇంతే: “మా అమ్మ. ఆమెకి ఈత రాదు.”

నీ చెల్లెలు