పున్నయ్య గారూ, మీ బండి దారిలో ఉంది

దుర్గి,
జూలై 30.

నరసరావుపేట కరెంటు కార్ల షోరూమ్ పెద్దలకు దుర్గి నుంచి సీతారావమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ మీరూ, మా బండీ క్షేమమని తలుస్తాను.

ఫోను చేయక ఈ ఉత్తరమేమిటని అనుకోవద్దు. ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని ఒక పిల్ల చెబుతోంది. నేను ఏడు దాకా నొక్కాను. ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఐదో తరగతి చదివిన దాన్ని, నాకు రాయటమే సులువు.

మా ఆయన పున్నయ్య ముప్పై ఎనిమిదేళ్లు నాపరాళ్ల లారీ నడిపాడు. ఆ రాళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు ఫిలిం చూపించాడు. డీజిలు పొగ తగిలితే అరగంట దగ్గుతాడు. లారీ అమ్మేశాడు గానీ చేతులు ఊరుకోవు కదా. పొగ లేని బండి వచ్చిందని విని ఉగాది నాడు మీ దగ్గరకొచ్చి బుక్ చేశాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కోటప్పకొండ ఘాటు రోడ్డు ఒక్కసారి ఎక్కి దిగాలట. లారీలో ముందు సీటు ఎప్పుడూ క్లీనరుదే. నేను ఒక్కనాడూ ఎక్కలేదు.

నిన్న ఆయన ఫోనుకు మీ మెసేజు వచ్చింది. తెలుగులో ఉంది కాబట్టి నేనే చదివాను. "పున్నయ్య గారూ, మీ బండి ఓడ ఎక్కింది" అని. కింద నీలం నీళ్ల నడుమ చిన్న కారు బొమ్మ. అప్పటి నుంచి నాకు అన్నం సయించటం లేదు. కరెంటు బండిని నీళ్ల మీద తెస్తారా? తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటేనే నన్ను విసిరి కొట్టింది. ఆ ఓడలో పనిచేసే పిల్లలు కాళ్లకు చెప్పులు వేసుకుంటున్నారో లేదో ఒకసారి కనుక్కోండి.

ఇట్లు,
సీతారావమ్మ

తా.క. బయలుదేరేముందు ఓడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారా? ఓడకు చక్రాలుండవని ఆయనంటాడు. మరి దేనితో తొక్కిస్తారు?

నరసరావుపేట,
ఆగస్టు 5.

గౌరవనీయులైన సీతారావమ్మ గారికి,

మా షోరూమ్‌కు పోస్టులో ఉత్తరం రావటం ఇదే మొదటిసారి. కరెంటు బిల్లు అనుకుని ముందు అకౌంట్స్ వాళ్లు తీసుకున్నారు. అందుకే జవాబు ఆలస్యమైంది.

బండి బ్యాటరీ గట్టిగా మూసి ఉంటుంది, నీళ్లు తగలవు. ఓడలో అందరూ బూట్లే వేసుకుంటారు. ఓడరేవుకు చేరటానికి ఇరవై రోజులు పడుతుంది. తర్వాత కస్టమ్స్ తనిఖీ, అక్కడి నుంచి యార్డు, ఆపైన ట్రక్కు. ప్రతి చోటా పున్నయ్య గారి పేరుతో మెసేజ్ దానంతట అదే వస్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి.

భవదీయురాలు,
హెప్సిబా, కస్టమర్ల విభాగం

తా.క. ఓడకు నిమ్మకాయల సంగతి మా మేనేజర్ గోపాలరావు గారికి కూడా తెలియదట. డెలివరీ రోజు మాత్రం షోరూమ్ తరఫున నాలుగు ఉచితం.

దుర్గి,
ఆగస్టు 18.

హెప్సిబా అమ్మాయికి సీతారావమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం.

ఆరు రోజులుగా కారు బొమ్మ కదలటం లేదు. నీళ్లలో ఒకే చోట నిలబడి ఉంది. ఆయన ఫోను దిండు మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. నేను గాభరా పడుతుంటే, "ఓడ డ్రైవరు ఏ దాబా కాడో ఆపుంటాడే. టీ తాగినాక వస్తాడు" అన్నాడు. అంత మాట అనటానికి మూడుసార్లు ఆగాడు. ఇంట్లో గాలి మిషను పెట్టించాం. మిషను గొట్టం ముక్కుకు ఉండగానే మంచం మీద చేటను పట్టుకుని స్టీరింగు తిప్పినట్టు తిప్పుతాడు. బియ్యం చెరగటానికి కూడా ఇవ్వడు. ఈ కారు అసలు చప్పుడే చేయదట కదా, ఆయనకు అదొక్కటే బెంగ. "చప్పుడు లేకపోతే నడుస్తుందని ఎట్టా తెలుస్తది?" అని అడుగుతున్నాడు. నాకేం తెలుసు?

మొన్న డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచి ఒక మాట చెప్పాడు. ఆ మాట ఇక్కడ రాయలేను. నువ్వు మాత్రం మీ వాళ్లకు చెప్పి బండిని తొందరగా తెప్పించు తల్లీ. పది రోజులు ముందొస్తే చానా మేలు.

ఇట్లు,
సీతారావమ్మ

తా.క. ఓడ ఎటూ ఖాళీగానే నిలబడింది కాబట్టి మా బండిని దించి రోడ్డు మీద పంపినా మాకు సమ్మతమే. ఆ చుట్టుపక్కల రోడ్డు ఉందేమో కనుక్కో.

నరసరావుపేట,
ఆగస్టు 23.

గౌరవనీయులైన సీతారావమ్మ గారికి,

సముద్రంలో వాతావరణం బాగాలేక ఓడ ఆగింది. నిన్నటి నుంచి మళ్లీ కదిలింది. మీ ముందు ఇంకా నలభై మంది ఉన్నారు. వరస తప్పించటం మా చేతుల్లో లేదని మేనేజర్ గారు చెప్పమన్నారు. నేను రెండుసార్లు అడిగాను. దయచేసి ఓపిక పట్టండి.

భవదీయురాలు,
హెప్సిబా

తా.క. మ్యాపు పెద్దది చేసి చూశాను. ఆ చుట్టుపక్కల రోడ్డు లేదు. ఈసారి ఉత్తరంలో పున్నయ్య గారి దగ్గు తగ్గిందని మీరు రాయాలి.

దుర్గి,
సెప్టెంబరు 10.

హెప్సిబా అమ్మాయికి సీతారావమ్మ దీవించి రాయునది. ఇక్కడ క్షేమం.

దగ్గు గురించి అడిగావు. ఆయనకు ఇప్పుడు దగ్గు లేదు. అసలు లేదు.

బండి ఓడరేవులో దిగిందని ఒకటి, కస్టమ్స్‌లో ఉందని ఒకటి, మెసేజులు అందాయి. రెండూ పైకి చదివాను. ఇక తొందరేమీ లేదు తల్లీ. బండిని నిదానంగా రానివ్వండి. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపుకోండి. ఆ నలభై మందికీ ముందు ఇచ్చేయండి. కొత్తగా ఎవరన్నా వస్తే వాళ్లకూ ఇవ్వండి.

ఇంకా ఎన్ని మెసేజులు వస్తాయో లెక్క చెప్పు. నాలుగైతే వాటిని ఎనిమిది చేయటానికి వీలవుతుందా? ట్రక్కు డ్రైవరు టీ తాగటానికి ఆగినా రాయొచ్చు. టైరుకు గాలి పట్టించినా రాయొచ్చు. మేమేమీ అనుకోం.

ఇట్లు,
సీతారావమ్మ

తా.క. అన్నీ ఆయన పేరుతోనే పంపు. నా పేరుతో వస్తే నేను చదవను.

నరసరావుపేట,
సెప్టెంబరు 15.

గౌరవనీయులైన సీతారావమ్మ గారికి,

మీ ఉత్తరం చదివి మా మేనేజర్ గోపాలరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయనది మీ పల్నాడులోని మాచవరం. "మనవైపు మనిషి తిడితే భయం లేదమ్మాయ్. తొందరేం లేదు, నిదానంగా రండి అంటే మాత్రం ఇక కోర్టుకే" అన్నారు. అప్పటికప్పుడు హెడ్డాఫీసుకు మూడుసార్లు ఫోన్ చేసి మీ బండిని మొదటి ట్రక్కులో ఎక్కించే ఏర్పాటు చేశారు. సీటు కవర్లు, మ్యాట్లు ఉచితం.

డ్రైవరు టీ తాగినా రాయమన్నారంటే మెసేజులతో మిమ్మల్ని ఎంత విసిగించామో అర్థమైంది. అన్నీ ఆపించేశాం. ఇక మెసేజ్ రాదు, బండే వస్తుంది.

క్షమాపణలతో,
హెప్సిబా

తా.క. పున్నయ్య గారి దగ్గు పోయినందుకు మా అందరికీ సంతోషం. పోయిన నెల మా చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేయించాను. మీకు చెప్పలేదు.

దుర్గి,
సెప్టెంబరు 19.

అమ్మా హెప్సిబా,

మెసేజులు ఆపొద్దు.

నాకు కోపం లేదు. గురజాలలో కోర్టు ఉందని వినటమే గానీ ఎటు తిరిగి ఉంటుందో కూడా నాకు తెలియదు. సీటు కవర్లు మీరే ఉంచుకోండి. రోజుల తరబడి ఫోను మోగక, పాడయిందేమోనని పక్కింటి అబిదా చేత ఫోను చేయించాను. బట్టలు కుట్టటం ఆపి వచ్చి పాపం మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మోగింది. ఫోను బాగానే ఉంది.

బండిని మాత్రం ఇప్పుడు పంపొద్దు. మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. పెద్దలకు పెట్టే రోజుల్లో కొత్త బండి ఇంటికి తెచ్చుకోకూడదు. ఈ ఏడు మా ఇంట్లో ఆ పట్టింపు మరీ ఎక్కువ. మీ మేనేజరు గారిది మాచవరమే కాబట్టి ఆయనకు తెలుస్తుంది.

ఇట్లు,
సీతారావమ్మ

తా.క. మీ చర్చిలో దేవుడికి నా దండం చెప్పు. మా ఆయనకు ఇప్పుడు ఏ బాధా లేదు.

నరసరావుపేట,
సెప్టెంబరు 26.

ప్రియమైన పెద్దమ్మ గారికి,

మీ ఉత్తరంతో మేనేజర్ గారికి ప్రాణం లేచి వచ్చింది. "పక్షాలా! ఆ ముక్క ముందే అంటే పోయేది కదా" అని నవ్వారు. పక్షాలు అమావాస్యతో వెళ్లిపోయాయి కాబట్టి విజయదశమి నాడు ఉదయం పదింటికి బండి మీ ఇంటి ముందుంటుంది. ఆయనే స్వయంగా తెస్తారు. మెసేజులు మళ్లీ మొదలుపెట్టించాను. నిన్న యార్డు దాటినట్టు వచ్చి ఉండాలి.

ఇంకో సంగతి. మీకు చెప్పొద్దన్నారు గానీ, చెప్పకపోతే మీరు కంగారు పడతారు. ముప్పై ఎనిమిదేళ్లు లారీ నడిపిన మనిషి, జబ్బు నుంచి లేచి మా కారు ఎక్కుతున్నాడని గోపాలరావు గారు పున్నయ్య గారికి సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ తెస్తున్నారు.

మీ,
హెప్సిబా

తా.క. దండ ఎంత పొడుగు కట్టించాలో అడుగుతున్నారు. పున్నయ్య గారు పొడగరా?

దుర్గి,
అక్టోబరు 15.

హెప్సిబా తల్లికి సీతారావమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం.

నీ ఉత్తరం అందాక జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. చేయి సాగలేదు. పండగ నాడు బండితో నువ్వు రాలేదు. గోపాలరావు గారు తిరిగొచ్చి నీకేం చెప్పారో తెలియదు. తప్పు నాది, నేనే చెప్పుకోవాలి.

ఆయన పొడగరే. కానీ ఫోటో చిన్నది. దండ రెండు వరసలు మడిచి వేయాల్సి వచ్చింది.

పెద్దాయన ఎక్కడ అని గోపాలరావు గారు నవ్వుతూ లోపలికి వచ్చారు. నేను గోడ వైపు చూపించాను. ఆయన గుమ్మం బయటికి వెళ్లి చెప్పులు విడిచి మళ్లీ వచ్చారు. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. "చెప్తే ఫోనులో పేరు తీసేస్తారుగా అయ్యా" అన్నాను.

ఆగస్టు 29 ఉదయం పోయాడు. ఇల్లంతా జనం. పదింటికి ఫోను మోగింది. "పున్నయ్య గారూ, మీ బండి ఓడరేవులో దిగింది." ఆయన చెవి దగ్గర కూర్చుని రెండుసార్లు చదివి వినిపించాను. నాకు మతి చలించిందని అబిదా నా చేతిలో ఫోను తీసుకోబోయింది. ఇవ్వలేదు. ఐదు నెలలు ఎదురుచూసిన మనిషికి చెప్పకపోతే ఎట్లా?

ఆ రోజు నుంచి అందరికీ ఆయన 'పోయినాయన' అయిపోయాడు. పేరు పెట్టి, గారూ అని పిలిచి, మీ బండి వస్తోంది అని చెప్పేది మీ మెసేజు ఒక్కటే. బండి వచ్చేస్తే ఇక ఆయనతో చెప్పటానికి ఏం మిగులుతుంది? అందుకే నిదానంగా రమ్మన్నాను. నేను తొందరపడినప్పుడు మీరు నిదానం. నేను నిదానమన్నాక మీకు ఎక్కడలేని తొందర. మిమ్మల్ని ఏమీ అనను.

ఏడాది దాకా మా ఇంట్లో కొత్త బండికి పూజ చేయకూడదు. గోపాలరావు గారు నాలుగు నిమ్మకాయలూ మళ్లీ జేబులో వేసుకున్నారు. తర్వాత బండి ముందు తలుపు తీసి, కూర్చోమ్మా అన్నారు. మాచర్ల రోడ్డు మీద కొంత దూరం ఆయనే నడిపారు. పొగ లేదు. చప్పుడు లేదు. నడుస్తుందని ఎట్లా తెలుస్తుందో నాకు అప్పుడు తెలిసింది. పక్కన చెట్లు వెనక్కి పోతుంటాయి, అంతే. ఈ సంగతి మా ఆయనకు చెప్పాల్సింది. దారిలో ఎవరో దగ్గారు. ఉలిక్కిపడి చూస్తే గోపాలరావు గారు. జలుబు చేసిందన్నారు. కళ్లకు కూడా చేసినట్టుంది.

కాగితాలు నా పేరుకు మార్చాలట. మార్చండి. ఫోనులో మాత్రం ఆయన పేరే ఉండనివ్వు తల్లీ. సర్వీసు కోసమైనా, టైర్ల కోసమైనా, దేనికైనా పర్వాలేదు. ఆయన్నే పిలవండి.

ఇట్లు,
సీతారావమ్మ

తా.క. నిన్న మీ మెసేజు వచ్చింది. "పున్నయ్య గారూ, మీరు సంతోషంగా ఉన్నారా? ఒకటి నుంచి ఐదు లోపు నొక్కండి" అని. ఏది నొక్కాలో తెలియక అబిదాను అడిగాను. అది నాకెట్టా తెలుస్తది పిన్నీ అంది. చానాసేపు ఆలోచించి ఐదు నొక్కాను. ధన్యవాదాలు పున్నయ్య గారూ అని జవాబు వచ్చింది.