బీరపీచు చెట్లు

అవ్వా,

నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. బొమ్మలు చేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని బెంగపడ్డావు కదా, నిన్న నా ఉద్యోగం ఖాయమైంది! బెంగళూరు పక్కన అత్తిబెలె దగ్గర కట్టబోయే థీమ్ పార్కుకు మంచమంత నమూనా చేశాం. చెట్లన్నీ నువ్వు పంపిన బీరపీచుతో నేను చేసినవే. పార్కు యజమాని వంగి చూసి, "చెట్లు బలే ఉండాయి. జెయింట్ వీల్ పైన పచ్చ చీరలో కూసోనుండే ఆయమ్మ ఎవరప్పా?" అన్నాడు. భయపడుతూనే "మా అవ్వ సార్" అన్నాను. పకపకా నవ్వి, "ఆయమ్మను దించొద్దు" అన్నాడు.

ఇంకో సంచెడు బీరపీచు పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా? చిన్నాన్నను అడిగానని చెప్పు.

తిరునాళ్లలో ఎంత బతిమాలినా భయమని జెయింట్ వీల్ ఎక్కలేదు, ఇప్పుడు అన్నిటికన్నా పైన కూర్చున్నావు. కళ్లు తెరువవ్వా, బెంగళూరంతా కనిపిస్తుంది.

నీ మనవరాలు,
హేమలత