పడమటి గోడ విషయమై

ఎండకు, గోడలకు, వృద్ధుల ఊపిరికి బాధ్యులై ఉండి, తమ పేర్లు ఇంతవరకు వెల్లడించని అధికారులందరి సముఖానికి: చంద్రపూర్ జిల్లా బామ్ని నివాసి జెస్లిన్, హైదరాబాదులో ఇళ్ల నిర్మాణ సామగ్రి కంపెనీలో పనిచేసే తన అన్న రాబిన్సన్‌తో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను సవినయంగా సమర్పించుకుంటున్నది.

బామ్ని, మార్చి

ప్రియమైన అన్నకు,

ఫోనులో మాట్లాడితే నాయిన వింటాడు కనుక, సండే స్కూల్లో నేర్చిన తెలుగులో రాస్తున్నాను. నిరుడు ఆయనకు వడదెబ్బ తగిలినప్పుడు డాక్టరు చెప్పిన మాట నీకు తెలుసు: ఇంకొకసారి తగిలితే లేవడు. పై అంతస్తులో వేరే కాపురం ఉంది కాబట్టి కప్పు నుంచి బెడద లేదు. నాయిన గదికి పడమటి గోడే శత్రువు. మధ్యాహ్నం నుంచి ఎండ తాగి, రాత్రంతా ఆయన మీదికి వదులుతుంది. ఆ గోడకు వేడిని ఆపే పలకలు బిగించడం లాభదాయకమా, కాదా? నీ శాఖాపరమైన అభిప్రాయం కోరడమైనది.

ప్రేమతో,
నీ చెల్లె జెస్లిన్

హైదరాబాదు, మార్చి

ప్రియమైన చెల్లెకు,

విషయం క్షుణ్ణంగా పరిశీలించబడింది. లాభదాయకమే. బయటి వైపు బిగించడం ఉత్తమం; కానీ పక్క స్థలం యజమాని తన నేల మీద నిచ్చెన కూడా పెట్టనివ్వడు. అందుచేత లోపలి వైపు పలకలు బిగించి, పైన బోర్డు కప్పి, రంగు వేయించు. పనివాణ్ని పంపుతున్నాను. దుమ్ము నాయిన ఛాతీకి పడదు. ఉప్పర్వాహిలో సరోజమ్మత్త ఇంటికి పంపించి, తిరిగొచ్చేలోగా ముగించు. ముందే చెబితే "గోడకు స్వెటర్ తొడుగుతరా, గీ ఎండల?" అని మనిద్దరినీ వెక్కిరిస్తాడు. కాబట్టి చెప్పవద్దు.

నీ మేలు కోరే
అన్న రాబిన్సన్

బామ్ని, ఏప్రిల్

ప్రియమైన అన్నకు,

పని సంతృప్తికరంగా ముగిసింది. సాయంత్రం చెయ్యి పెడితే గోడ కుండలా చల్లగా ఉంది. నాయిన వచ్చాడు, కొత్త రంగు చూశాడు, తర్వాత చేతికర్రతో గోడను కొట్టాడు. బొగ్గుగనిలో ఉన్నన్నాళ్లూ పైకప్పును ఇలాగే కొట్టి, గట్టిగా పలికితేనే మనుషులను కిందికి రానిచ్చేవాడు కదా. ఇక్కడ బోలుగా పలికింది.

"గీ గోడ కూలుతది బిడ్డా. బయటికి నడువు."

"నాయినా, గది బోర్డు సప్పుడు. ఎనకాల ఇటుకలు మంచిగనే ఉన్నయి. అన్ననే ఏపిచ్చిండు."

"మీ అన్న ఎన్నడన్న బొగ్గుబాయిల దిగిండా? ఓపాలి బాయిల గూడ పని జేపిచ్చే సర్దారు కప్పు గిట్లనే మంచిగున్నదన్నడు, కూలింది. మల్ల మనిషిని తవ్వి తీసుడు నాతోని కాదు."

మంచం ముందు వరండాలో, రేకుల కింద వేయించుకున్నాడు. నన్నూ ఆ గదిలోకి పోనివ్వడు; తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటున్నాడు. తదుపరి ఉత్తర్వులు కోరుతున్నాను.

నీ చెల్లె జెస్లిన్

హైదరాబాదు, ఏప్రిల్

ప్రియమైన చెల్లెకు,

వాదించవద్దు. ఆయనతో వాదించి నెగ్గినవాళ్లు మన వంశంలో లేరు. శనివారం వస్తున్నాను. ఒక బోర్డు ఊడదీసి, వెనకున్న ఇటుకను ఆయన కర్రతోనే కొట్టించి చూపిస్తాను. అంతవరకు వరండాకు తడి గోనెపట్టాలు కట్టు.

అన్న రాబిన్సన్

బామ్ని, మే

ప్రియమైన అన్నకు,

నువ్వు వచ్చిన శనివారం ఇంటినిండా జనం, మనం మాట్లాడుకోలేదు. కనుక జరిగినది రికార్డు నిమిత్తం తెలియజేస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, గోనెపట్టాలు తడపడానికి నీళ్లు తెచ్చేసరికి నాయిన మాట తడబడుతోంది. ఒళ్లు కాలిపోతోంది. లోపలికి లాగబోతే గడప పట్టుకున్నాడు. "నువ్వు పోకు బిడ్డా, కూలుతది" అన్నాడు. ఆటో వచ్చేసరికి ఆ చెయ్యి తనంతట తానే గడపను వదిలింది.

నువ్వు వచ్చేదాకా ఆయనను ఆ గదిలోనే పడుకోబెట్టాం. తెల్లవారినా ఆయన చుట్టూ పేర్చిన ఐసు దిమ్మలు సగం కూడా కరగలేదు. సరోజమ్మత్త కళ్లు తుడుచుకుంటూ, "అర్ర ఎంత సల్లగున్నదే! మా అన్న గిండ్ల పండుకుంటె బతికేటోడు" అన్నది. అందరూ ఒప్పుకున్నారు. కనుక పలకలు పనిచేస్తున్నాయి. ప్రశ్న పరిష్కారమైనట్టే. లాభదాయకమే.

నీ చెల్లె జెస్లిన్

పైన చెప్పిన అధికారులకు దాఖలు చేయడమైన డిమాండు, సంఖ్య 1: గోడకు ఏదైనా తొడిగే ముందు, ఆ గోడ పక్కన పడుకోవలసిన మనిషిని పిలిచి, పలక ఆయన చేతికిచ్చి, ఇటుక మీద ఆయన చేతనే బిగింపజేయవలెను. ఈ నియమం గడచిన మార్చి నుంచే అమలులోకి రావలెను.