యువజన విధానానికి ఒక బస్సు

ఎర్రబోడుపల్లి,
శింగనమల మండలం, అనంతపురం జిల్లా.
జులై 4.

జాతీయ యువజన విధానం ప్రజాసూచనల విభాగంలోని పెద్దలకు, ఎర్రబోడుపల్లి యువజన సంఘం అధ్యక్షుడు ఆదెన్న నమస్కారం చేసి రాసుకునేది.

దేశంలో యువతకు ఏం చేస్తే బాగుంటుందో ప్రజలనే చెప్పమని మీరు పేపర్లో వేసిన ప్రకటన బజ్జీల పొట్లంగా మా ఊరికి వచ్చింది. నూనె మరక పడిన చోటు తప్ప మిగతాదంతా చదివాను. ఇన్నాళ్ళకు మమ్మల్ని అడిగినవాళ్ళు మీరొక్కరే. చాలా సంతోషం.

మా సూచన ఒకటే. పొద్దున ఏడున్నరకు మా ఊరికి వచ్చే బస్సును మళ్ళీ వేయించండి. ఎక్కేవాళ్ళు చాలడం లేదని రెండేళ్ళ కిందట తీసేశారు. మా ఊరి ఐజాక్ కూతురు కృపాకుమారి అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పాపం ఆ పిల్ల రోజూ వేరుశనగ చేల గట్ల మీద మెయిన్‌రోడ్డు క్రాసు దాకా నడిచి, అక్కడ దొరికిన ఆటో పట్టుకుని పోతుంది. చేరేసరికి మొదటి రెండు క్లాసులు అయిపోతాయి. హాజరు చాలకపోతే పరీక్ష రాయనివ్వమని కాలేజీ వాళ్ళు చెప్పేశారు.

ఐజాక్‌ను అడిగితే, "దసరా సెలవులు అయిపోయే లోపల బస్సు రాకపోతే పాపను రాయదుర్గం తోలిస్తా అన్నా. మా చెల్లెలు ఆడ జీన్స్ కుట్టే కాడ పని చేస్తాంది. ఈ నడకతో పాపకు చదువూ రాదు, కూలీ రాదు" అంటున్నాడు. పిల్ల ఏడుస్తోంది. నాకు ఒళ్ళు మండుతోంది. మీ విధానంలో ఇంకేం రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు, బస్సు మాత్రం రాయండి.

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే,
ఆదెన్న.

తా.క.: సూచనలు సెల్‌ఫోన్లో కూడా పంపవచ్చని వేశారు. మా ఊళ్ళో సిగ్నల్ చెరువుకట్ట మీద తప్ప రాదు. కట్టెక్కి నొక్కితే ఓటీపీ పంపాము, వేచి ఉండండి అన్నది. వేచి ఉన్నాను. అది వచ్చేలోగా నా మేకలు మా పొరుగాయన జయరాం చేలో పడ్డాయి. అందుకని ఈ కవరు.


ప్రజాసూచనల విభాగం, రాష్ట్ర కార్యాలయం.
జులై 22.

శ్రీ ఆదెన్న గారికి,

ఆర్యా, తమరు పంపిన అమూల్యమైన సూచన అందినది. అయితే బస్సులు ఈ విభాగం పరిధిలోనివి కావు. ఇచ్చట యువత అభివృద్ధికి సంబంధించిన సూచనలు మాత్రమే స్వీకరించబడును. నైపుణ్యం, క్రీడలు, ఆరోగ్యం, నాయకత్వం, సేవ అను ఐదు శీర్షికలలో తమ సూచన దేని కిందకు వచ్చునో తెలుపగలరు. మరియు యువత అనగా పదిహేను నుండి ఇరవై తొమ్మిది సంవత్సరాల వారు. సంఘ అధ్యక్షులుగా తమ వయసు కూడా తెలుపగలరు.

భవదీయుడు,
హరినాథ్, సూచనల పరిశీలకుడు.

గమనిక: సూచనలు పంపవలసిన గడువు తేదీ బహుశా నూనె మరక కింద ఉండి ఉండవచ్చును. అది ముగిసినది. అయినను పొడిగించబడినది.


ఎర్రబోడుపల్లి,
ఆగస్టు 3.

పరిశీలకులు హరినాథ్ గారికి, ఆదెన్న మళ్ళీ దండం పెట్టి రాస్తున్నది.

మీ జాబును మా ఇంటావిడ చౌడేశ్వరికి చదివి వినిపించాను. "బస్సు కావాలంటే బస్సు మాట తప్ప అన్నీ అడిగినాడే ఆ యప్ప!" అన్నది.

శీర్షిక కావాలన్నారు కదా, మీకు ఏది అనువుగా ఉంటే అందులో వేసుకోండి. పిల్ల ఆటో వెనకాల రోజూ పరిగెత్తుతుంది, అది క్రీడలే. ఎక్కాక చోటు లేక డ్రైవరు పక్కన సగం గాలిలో కూర్చుని క్రాసు నుంచి అనంతపురం దాకా పడిపోకుండా పోతుంది. అంతకంటే నైపుణ్యం నేను చూడలేదు. కాళ్ళకు బొబ్బలున్నాయి, వాటిని ఆరోగ్యంలో రాసుకోండి. సేవ అంటారా, మీకు ఉత్తరాలు రాస్తూ నేను చేస్తున్నదే సేవ.

ఇక నా వయసు యాభై ఎనిమిది. నవ్వకండి. మా సంఘం పెట్టిననాడు ఒక కట్టుబాటు చేసుకున్నాము. ప్రతి అమావాస్యకూ కూటం, వరసగా మూడు కూటాలకు రానివాడు సంఘంలో లేనట్టే. అప్పుడు ఊళ్ళో కుర్రకారు అంతా సభ్యులమే. తర్వాత ఒకడు బెంగళూరు పోయాడు, ఒకడు బళ్ళారి పోయాడు, మిగిలినవాళ్ళు వాళ్ళ వెనకాల పోయారు. నాకు మేకలున్నాయి. వాటిని విడిచి నేనెక్కడికీ పోలేను, కాబట్టి ఒక్క కూటమూ తప్పలేదు. ఇప్పుడు అధ్యక్షుడినీ నేనే, సభ్యుడినీ నేనే. ఆ పదవి నువ్వు తీసుకో తల్లీ అని కృపాకుమారిని బతిమాలాను. "నడిచి ఇల్లు చేరేసరికే పొద్దు పోతాంది మామా, ఇంక కూటానికి యాడ వచ్చేది?" అన్నది. చూశారా, ఎటు తిప్పినా బస్సు దగ్గరికే వస్తోంది.

ఇట్లు,
విసిగినా మర్యాద తప్పని,
ఆదెన్న.

తా.క.: మీరు గడువు పొడిగించగలరని తెలిసి ధైర్యం వచ్చింది. ఐజాక్ పెట్టిన గడువు కూడా పొడిగిస్తూ ఒక ముక్క రాసి, ముద్ర వేసి పంపగలరా? నా మాట వినడం లేదు.


ప్రజాసూచనల విభాగం, రాష్ట్ర కార్యాలయం.
ఆగస్టు 20.

శ్రీ ఆదెన్న గారికి,

ఆర్యా, తమ సూచన "గ్రామీణ యువతులలో పరుగు పట్ల పెరుగుతున్న ఆసక్తి" అను పేరుతో క్రీడల శీర్షిక కింద నమోదు చేయబడినదని తెలుపుటకు సంతోషిస్తున్నాము. ఇరవై తొమ్మిది దాటిన వయసును కంప్యూటరు స్వీకరించనందున తమ వయసు ఇరవై ఎనిమిదిగా నమోదైనది. ఇందుకు తమకు అభ్యంతరం ఉండదని భావిస్తున్నాము. ప్రోత్సాహకంగా తమ సంఘానికి క్రికెట్ సామగ్రి పంపబడినది. అది వినియోగంలో ఉన్నట్టు ఫొటోలు తీసి పంపవలెను.

భవదీయుడు,
హరినాథ్.

గమనిక: ఐజాక్ గారి గడువు పొడిగించే అధికారం ఈ విభాగానికి లేదు. పైవారిని అడిగి కూడా చూశాము.


ఎర్రబోడుపల్లి,
సెప్టెంబరు 6.

హరినాథ్ గారికి, ఇరవై ఎనిమిదేళ్ళ ఆదెన్న రాస్తున్నది.

నా వయసు సంగతి ఇంట్లో తెలిసిపోయింది. "నాకు యాభై మూడు. ఇంత చిన్నోనితో కాపరం చేసేది నా చేత కాదు" అని చౌడేశ్వరి వంట మానేసి కూర్చుంది. ఆ పూట జయరాం ఇంట్లో తిన్నాను.

మీరు పంపిన సంచీ వచ్చింది. స్వామీ, అది పదకొండు మంది ఆడే ఆట. ఇక్కడ ఉండేది ఆ పిల్ల, నేను. ఒకరు బంతి వేసి ఇంకొకరు కొడితే పోయి తెచ్చేది ఎవరు? అయినా ప్రభుత్వ సొమ్మును వృథా చేయలేదు. ఆ మూడు కర్రలూ పాతి మేకపిల్లలను కట్టేస్తున్నాము. కాళ్ళకు కట్టుకునే మెత్తలు మోకాళ్ళ నొప్పులతో బాధపడే సుంకమ్మకు ఇచ్చాను. కట్టుకున్నప్పటినుంచి ముసలామె బావి దాకా నడుస్తోంది. టోపీలో కోడి పొదుగుతోంది. అన్నీ వినియోగంలోనే ఉన్నాయి, ఫొటోలు కవర్లో పెట్టాను.

ఈలోగా ఐజాక్ చెల్లెలికి ఫోన్ చేసేశాడు. ఒక కుట్టుమిషను ఖాళీగా ఉందట. సెలవులు అయిన సోమవారమే ప్రయాణం. పిల్ల పుస్తకాలన్నీ గోతంలో వేసి మూతి కుట్టేసింది. నాతో మాట్లాడడం కూడా మానేసింది, మీరూ నేనూ కలిసి మోసం చేశామని దాని బాధ. నేను అడిగింది ఏమిటి, మీరు పంపింది ఏమిటి? బ్యాటెక్కి కాలేజీకి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఇట్లు,
మర్యాద కాస్త తగ్గిన,
ఆదెన్న.

తా.క.: కోడి పొదుగు అయ్యేదాకా టోపీ వెనక్కి అడగకండి.


ప్రజాసూచనల విభాగం, రాష్ట్ర కార్యాలయం.
సెప్టెంబరు 24.

శ్రీ ఆదెన్న గారికి,

ఆర్యా, ఫొటోలు అందినవి. క్రీడా సామగ్రిని వృద్ధులు, పశువులు సైతం ఇంత విస్తృతంగా వినియోగిస్తున్న గ్రామం మరొకటి లేదని మా డైరెక్టరు గారు హర్షం ప్రకటించినారు. ఎర్రబోడుపల్లి ఆదర్శ యువగ్రామంగా ఎంపికైనది. అక్టోబరు 6 సోమవారం ఉదయం పది గంటలకు తమ ఊరి బడి ఆవరణలో యువజన సదస్సు జరుగును. డైరెక్టరు గారు స్వయంగా విచ్చేయుదురు. యాభై మంది యువత తప్పనిసరి. బయటి ఊళ్ళ నుండి యువతను తెచ్చుటకు ఒక ప్రత్యేక బస్సు ఆ ఉదయం ఏడున్నరకు తమ ఊరి నుండి అనంతపురం బయలుదేరి, వారిని ఎక్కించుకుని పదిలోగా తిరిగి వచ్చును.

భవదీయుడు,
హరినాథ్.

గమనిక: తమ ఉత్తరంలోని బ్యాటు వాక్యం డైరెక్టరు గారికి చూపలేదు.


ఎర్రబోడుపల్లి,
అక్టోబరు 8.

హరినాథ్ గారికి, ఆదెన్న నిజం నిజంగా రాస్తున్నది.

సదస్సుకు రమ్మని మా పిల్లలందరికీ కట్టమీద నుంచి ఫోన్లు చేశాను. బెంగళూరు వాళ్ళు సెలవు ఇవ్వరన్నారు. రాయదుర్గం వాళ్ళు ఆదివారమైతే చూస్తామన్నారు. దివాకర్ అనేవాడు మాత్రం తప్పకుండా వస్తానన్నాడు, మళ్ళీ చేస్తే వేరే ఆదెన్న అనుకుని చెప్పానన్నాడు.

సోమవారం ఏడున్నరకు బస్సు వచ్చింది. ఖాళీ బస్సు అనంతపురం పోతోంది, మరి ఊరు ఊరుకుంటుందా? సుంకమ్మ ఆస్పత్రి చీటీ పట్టుకుని ఎక్కింది. జయరాం ఎరువుల కోసమని ఎక్కాడు. పింఛను పని ఉన్నవాళ్ళు, పళ్ళ డాక్టరు దగ్గర పని ఉన్నవాళ్ళు, ఏ పనీ లేక కిటికీ పక్కన కూర్చోవాలనుకున్నవాళ్ళు కూడా ఎక్కేశారు. మా చౌడేశ్వరి నాకు చెప్పను కూడా చెప్పకుండా ఎక్కింది. చివరికి ఐజాక్ కూతురిని వెంటబెట్టుకుని, గోతం కాదు, బట్టల పెట్టె తీసుకుని రాయదుర్గానికని ఎక్కాడు.

బస్సులో జరిగింది చౌడేశ్వరి చెప్పింది. సుంకమ్మ ఐజాక్ చొక్కా పట్టుకుని, "సెలవులయ్యే లోపల బస్సు రాకపోతే గదా తోలిస్తానన్నావు? ఇదేమప్పా మరి, ఎద్దులబండా? దింపు పాపను కాలేజీ కాడ!" అన్నదట. "ఒక్కనాటి బస్సు బస్సేనా పెద్దమ్మా?" అని ఐజాక్ అన్నాడట. అంతే, బస్సులోని ఆడవాళ్ళంతా లేచారట. కాలేజీ ముందర బస్సు ఆపించి పిల్లను దింపేదాకా డ్రైవరు ఓబిలేష్‌ను కదలనివ్వలేదట. ఐజాక్ పక్కన పిల్ల లేకుండా, బట్టలు నిండిన పెట్టెతోనే అనంతపురమంతా తిరిగి సాయంత్రం వచ్చాడు. "నెలాఖరు దాకా చూస్తా. రోజూ బస్సు వస్తే చదువు, లేకుంటే మిషను" అన్నాడు.

సుంకమ్మకు డాక్టరు దొరికేసరికి మధ్యాహ్నమైంది కాబట్టి బస్సు పదికి తిరిగి రాలేదు. ఇక్కడ మీరంతా షామియానా కింద కూర్చున్నారు. ముందు వరసలో నేను, వెనక వరసలో నా మేకలు. డైరెక్టరు గారు యువశక్తి మీద గంటసేపు మాట్లాడారు. చప్పట్లు నేనొక్కడినే కొట్టాను, అరచేతులు ఇంకా మండుతున్నాయి. ఆయన వెనకాల నిలబడి చెమటలు తుడుచుకుంటున్న బట్టతల పెద్దాయన మీరేనని పోల్చుకుని, పోయేటప్పుడు వేరుశనగ మూట కారులో పెట్టాను. పలకరిస్తే మొహం తిప్పుకున్నారు. కోపం ఉంటుంది, తెలుసు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. డిపో మేనేజరు చంద్రమోహన్ నిన్న వచ్చాడు. "ఇంతమంది యాడున్నారప్పా మీ ఊళ్ళో? బస్సు వేసేదానికి నేను రెడీ. బస్సు నిండిందని దాన్ని పెట్టించిన ఆఫీసోళ్ళు ఒక కాగితం ఇస్తే చాలు" అన్నాడు. ఆ కాగితం ఇచ్చేది మీరే. ఇంతకాలం నేను అడగనివన్నీ పంపారు. అడిగింది ఈ ఒక్కటి పంపండి సార్. పిల్ల రెండురోజులుగా మళ్ళీ నాతో మాట్లాడుతోంది.

ఇట్లు,
మీ చేతుల్లో ఉన్న,
ఆదెన్న.

తా.క.: మేకలు మీ షామియానా తాడు తిన్నాయి. అది కూడా వినియోగంలో రాసుకోండి.


అక్టోబరు 24.

ఆదెన్న అన్నకు హరినాథ్ రాసేది.

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద లేదని చూసే ఉంటారు. బట్టతల ఆయన నేను కాదన్నా. నేను ఆ రోజు రానేలేదు, కాంట్రాక్టు వాళ్ళను కారెక్కించుకోరు. నాకు ఇరవై ఆరేళ్ళు. "అమూల్యమైన సూచన అందినది" అన్నది ఆఫీసు నేర్పిన భాష. అడుగున రాసిన గమనికలు మాత్రం నావే.

మీ ఉత్తరం వచ్చిన రోజే డైరెక్టరు గారు నన్ను పిలిచి, సదస్సు యాభై మందితో నిండిపోయిందని రిపోర్టు రాసి సంతకం పెట్టమన్నారు. మీరేమో బస్సు నిండిందని రాయమన్నారు. అదే ఊరు, అదే జనం, అదే సమయం. బస్సులో ఉన్నవాళ్ళు షామియానా కింద ఎలా ఉంటారు? రెండు కాగితాలూ ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. చాలా భయమేసింది. నా జీతం మీదే మా ఇల్లు నడుస్తోంది.

బస్సు కాగితం మీదే సంతకం పెట్టాను. ముద్ర వేసి డిపోకు నేనే పంపాను. వచ్చే సోమవారం నుంచి ఏడున్నర బస్సు మీ ఊరికి వస్తుంది, చంద్రమోహన్ గారు ఫోన్లో చెప్పారు. ఐజాక్ గారికి వెంటనే చెప్పండి. కృపాకుమారిని గోతం విప్పమనండి.

డైరెక్టరు గారు చాలా కోప్పడ్డారు. ఈ నెలాఖరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించరట. దేశంలో యువతకు ఏం కావాలో మూడేళ్ళుగా వేలమంది చెప్పింది చదివాను. నువ్వేమంటావని ఆ ఆఫీసులో నన్ను ఒక్కరూ అడగలేదన్నా. అడిగి ఉంటే ఉద్యోగం అనేవాణ్ణి.

ఇట్లు,
మీ తమ్ముడు,
హరినాథ్.

తా.క.: నా చోటికి కొత్తాయన వచ్చేశాడు. నా కుర్చీ చూపించి పని అప్పగించాను. ఆయన్ను రిటైరయ్యాక మళ్ళీ తీసుకున్నారు, వయసు అరవై మూడు. యువత విషయంలో ఆయనకున్న అనుభవం నాకు లేదట.