బాపు గడియారం చైన్

శనివారం రాత్రి, చంద్రపూర్

రేపు చర్చికి పెట్టుకుందామని బాపు గడియారం చేతికి ఎక్కించబోతే చైన్ పుటుక్కున తెగిపోయింది. ఆయన పోయాక దాన్ని ఎవరమూ ముట్టలేదు. బజార్లో గడియారాలు బాగుచేసే అతను అటూ ఇటూ తిప్పి చూసి, కొత్తది వెయ్యమంటారా అన్నాడు. ఆ తర్వాత, ఇది పెట్టుకున్నాయన బాగా బక్కమనిషా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. గనిలో బొగ్గు ఎత్తిన చెయ్యి అది. చిన్నప్పుడు నా రెండు చేతులతో పట్టుకున్నా అందేది కాదు. గడియారం తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్తే, అమ్మ పాత పౌడరు డబ్బా తెచ్చి నా అరచేతిలో వంపింది. అన్నీ ఆ చైన్ లింకులే.

"వదులైతే చిక్కిపోతున్నని ఆయనకు తెలుస్తదని, పండుకున్నంక దబ్బనంతోని ఒక్కొక్కటి నేనే తీసిన బిడ్డా. పాపం, ఆయనకు తెల్వనే తెల్వదు" అంది.

నిజమే. చూడటానికొచ్చిన వాళ్ళందరికీ దగ్గుతూనే చెయ్యి చాపేవాడు. "నేనేం చిక్కలే. గడియారం ఎట్లున్నదో గట్లనే ఉన్నది సూడుండ్రి."

ఆ లింకులన్నీ మళ్ళీ వేయించుకొమ్మంటోంది అమ్మ. సరేనన్నాను.

ఒక్క మాట మాత్రం అమ్మతో అనలేకపోయాను. పొద్దుటి షిఫ్టు తప్పుతుందేమోనని, బాపు ఏనాడూ చేతి గడియారం తీసి పడుకునేవాడు కాదు. ఆ చివరి నెలల్లోనే, రోజూ తీసి అమ్మ దిండు పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేవాడు.